స్వప్రయోజన కృత్రిమ ఏజెంట్ల మధ్య నమ్మకం, సహకారం

స్వప్రయోజన కృత్రిమ ఏజెంట్ల మధ్య నమ్మకం, సహకారం అనేది కంప్యూటర్ శాస్త్రం, అర్థశాస్త్రం, గణితంలోని ఆట సిద్ధాంతం కలిసే చోట ఏర్పడిన ఒక అధ్యయన విషయం. తమ యజమాని లాభం కోసం స్వయంగా నిర్ణయాలు తీసుకొనే కంప్యూటర్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి వ్యవహరించవలసి వచ్చినపుడు, మోసానికి అవకాశం ఉన్నా అవి మాట మీద నిలబడడం ఏ పరిస్థితులలో సాధ్యమో ఈ విషయం వివరిస్తుంది. ప్రోగ్రాముకు మంచితనం గాని, సిగ్గు గాని, దైవభీతి గాని ఉండవు. కాబట్టి ఇక్కడ నమ్మకం మనసు మీద ఆధారపడదు. జ్ఞాపకం, గుర్తింపు, మళ్ళీ కలిసే అవకాశం, తప్పుకు తగిన నష్టం అనే నాలుగు ఏర్పాట్ల మీద ఆధారపడుతుంది. ఏజెంట్ల మధ్య కుదిరిన సహకారం వాటికి మేలు చేసినా, బయట ఉన్న మూడవ వ్యక్తికి కీడు చేయవచ్చుననేది కూడా ఈ అధ్యయనంలో ముఖ్యమైన అంశం.

ఈ వ్యాసంలోని ఉదాహరణలకు తెలంగాణలోని కేసముద్రం వ్యవసాయ మార్కెట్ వంటి మార్కెట్ యార్డును నేపథ్యంగా తీసుకోవడం జరిగింది.

పదాల వివరణ

ఏజెంటు: తెలుగు నాట మార్కెట్ యార్డులలో ఏజెంటు అంటే రైతుకు, ఖరీదుదారుకు మధ్య నిలిచే అడ్తిదారు అని అర్థం. కంప్యూటర్ శాస్త్రంలోనూ ఈ మాటకు దగ్గరి అర్థమే ఉంది. ఒకరి తరఫున పరిసరాలను గమనించి, ఆ వ్యక్తి లక్ష్యానికి అనుగుణంగా తానే నిర్ణయం తీసుకొనే ప్రోగ్రామును ఏజెంటు అంటారు. ఇటువంటివి అనేకం కలిసి పనిచేసే ఏర్పాటును బహు ఏజెంట్ల వ్యవస్థ అంటారు.

స్వప్రయోజనం: ఎదుటివారికి హాని చేయాలనే కోరిక అని దీని అర్థం కాదు. ఏజెంటు తన యజమాని లాభాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది, ఎదుటివారి లాభనష్టాలు దాని లెక్కలో ఉండవు అని మాత్రమే అర్థం.

నమ్మకం: ఎదుటి ఏజెంటు ఒప్పుకున్న పని చేస్తుందని ఒక ఏజెంటు వేసుకొనే అంచనా. స్టీఫెన్ మార్ష్ 1994లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం, నమ్మకాన్ని కంప్యూటర్ లెక్కించగల విలువగా నిర్వచించిన తొలి ప్రయత్నాలలో ఒకటి.

కేసముద్రం నేపథ్యం

కేసముద్రం మహబూబాబాదు జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. కాజీపేట - విజయవాడ రైలు మార్గంలో ఉన్న ఈ ఊరిలో వ్యవసాయ మార్కెట్ యార్డు ఉంది. ధాన్యం, మొక్కజొన్న, పసుపు వంటి సరుకులు ఇక్కడ అమ్మకానికి వస్తాయి.

కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న ప్రారంభించిన జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) విధానంలో కేసముద్రం మార్కెట్ కూడా చేరింది. ఈ విధానంలో రైతు తెచ్చిన సరుకును గేటు వద్ద నమోదు చేసి, లాటు సంఖ్య ఇస్తారు. నాణ్యత చూసిన తరువాత ఖరీదుదారులు నిర్ణీత గడువులోగా కంప్యూటర్ లేదా సెల్‌ఫోను ద్వారా తమ ధరలు నమోదు చేస్తారు. అన్నిటికన్న హెచ్చు ధర రైతుకు తెలియజేస్తారు. అది నచ్చకపోతే రైతు అమ్మకుండా ఉండవచ్చు. అమ్మితే కాంటా, తక్‌పట్టీ, చెల్లింపు వరుసగా జరుగుతాయి.

ఇక్కడ ధర నిర్ణయించేది ఖరీదుదారే, ప్రోగ్రాము కాదు. అయితే బేరం తెరమీదికి చేరినపుడు, ఆ ధరను మనిషి బదులు ప్రోగ్రాము వేయడానికి పెద్ద దూరం లేదు. షేర్ మార్కెట్లు, ఆన్‌లైన్ దుకాణాలు, ప్రకటనల వేలాలలో ఈ మార్పు ఇప్పటికే జరిగింది. అందుచేత యార్డులో ఎదురయ్యే నమ్మకం సమస్యలను ప్రోగ్రాముల విషయంలో ఊహించి చూడడం ఉపయోగకరం.

మూల సమస్య: ఖైదీల సందిగ్ధం

స్వప్రయోజనపరుల మధ్య సహకారం ఎందుకు కష్టమో చెప్పే ప్రసిద్ధ నమూనాను ఖైదీల సందిగ్ధం అంటారు. అమెరికాలోని ర్యాండ్ సంస్థలో 1950లో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ దీనిని రూపొందించారు. గణిత శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ టకర్ దీనికి ఖైదీల కథను, పేరును జోడించాడు.

దీనిని మార్కెట్ భాషలో ఇలా చెప్పవచ్చు. దూరప్రాంతపు ఖరీదుదారు తరఫున ఒక ప్రోగ్రాము, సరుకు పంపే వ్యక్తి తరఫున మరొక ప్రోగ్రాము మొక్కజొన్న బేరం కుదుర్చుకున్నాయి. కొనేవాడు సరుకును కంటితో చూడలేదు. అమ్మేవాడికి డబ్బు ఇంకా చేతికి రాలేదు. అమ్మే ప్రోగ్రాము చెప్పిన నాణ్యత గల సరుకే పంపవచ్చు, లేదా నాసిరకం కలిపి పంపవచ్చు. కొనే ప్రోగ్రాము గడువుకు డబ్బు చెల్లించవచ్చు, లేదా ఎగవేయవచ్చు. ఫలితాలకు ఈ క్రింది మార్కులు వేద్దాం.

ఇద్దరూ మాట నిలబెట్టుకుంటే: చెరి 3
ఇద్దరూ మోసం చేస్తే: చెరి 1
ఒకరు మాట నిలబెట్టుకొని, మరొకరు మోసం చేస్తే: మోసగించినవారికి 5, మోసపోయినవారికి 0

ఎదుటివాడు నిజాయితీగా ఉంటే, మోసం చేసినవాడికి 3 బదులు 5 వస్తాయి. ఎదుటివాడు మోసం చేస్తే, తానూ మోసం చేసినపుడు 0 బదులు 1 వస్తుంది. ఎటు చూసినా మోసమే లాభం. ఇద్దరూ ఇలాగే లెక్క వేస్తే ఇద్దరికీ 1 చొప్పున మాత్రమే దక్కుతుంది. ఎవరికి వారు తెలివిగా ప్రవర్తించినా, ఇద్దరూ చేజేతులా 3 పోగొట్టుకుంటారు. ఒక్కసారే కలిసి, తరువాత ఎన్నడూ ఎదురుపడని ఏజెంట్ల మధ్య ఈ చిక్కుకు లోపలి నుండి పరిష్కారం లేదు.

ఆక్సెల్‌రాడ్ పోటీలు

ఇదే ఆట పదే పదే ఆడితే ఫలితం మారుతుంది. ఈ సంగతిని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ పోటీల ద్వారా పరీక్షించి, ఫలితాలను 1980లో ప్రచురించాడు. ఇందులో ఆటగాళ్ళు మనుషులు కారు, పండితులు వ్రాసి పంపిన ప్రోగ్రాములు. మొదటి పోటీకి 14 ప్రోగ్రాములు, రెండవ పోటీకి 6 దేశాల నుండి 62 ప్రోగ్రాములు వచ్చాయి.

రెండు పోటీలలోనూ అన్నిటికన్న చిన్నదైన "టిట్ ఫర్ టాట్" నెగ్గింది. దీనిని పంపినది టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అనటోల్ రాపొపోర్ట్. మొదటిసారి సహకరించడం, ఆ తరువాత ఎదుటి ఆటగాడు క్రితం సారి ఏమి చేస్తే తానూ అదే చేయడం దీని పద్ధతి. తెలుగువారు వాడే "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అనే మాట ఈ పద్ధతిలో సగాన్ని చెబుతుంది. ఇవ్వనివారికి ఇవ్వకపోవడం మిగిలిన సగం.

ఈ ప్రోగ్రాము విజయానికి ఆక్సెల్‌రాడ్ చెప్పిన కారణాలు: అది ముందుగా తాను మోసం చేయదు, మోసాన్ని ఊరకే వదలదు, ఎదుటివాడు దారికి వస్తే పాత పగ పెట్టుకోదు, దాని తీరు ఎదుటివారికి తేలికగా అర్థమవుతుంది. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఏ ఒక్క ఆటలోనూ అది ఎదుటి ఆటగాడి కన్న ఎక్కువ మార్కులు తెచ్చుకోలేదు. అందరితోనూ కలిపి లెక్కిస్తే దాని మొత్తం ఎక్కువైంది. ఈ పరిశోధనను విస్తరించి ఆక్సెల్‌రాడ్ 1984లో "సహకార పరిణామం" అనే అర్థం వచ్చే శీర్షికతో ఆంగ్లంలో గ్రంథం వెలువరించాడు.

మళ్ళీ కలిసే అవకాశం

సహకారం నిలవాలంటే ఏజెంట్లు మళ్ళీ కలిసే అవకాశం ఎంత ఉండాలో పై మార్కులతోనే లెక్క కట్టవచ్చు. ఎదుటివాడు టిట్ ఫర్ టాట్ పద్ధతి పాటిస్తున్నాడని, ప్రతి బేరం తరువాత మరో బేరం జరిగే అవకాశం 10లో 9 వంతులు ఉందని అనుకుందాం. ఎల్లప్పుడూ సహకరించేవాడికి సగటున 30 మార్కులు వస్తాయి. ఎల్లప్పుడూ మోసం చేసేవాడికి మొదటిసారి 5, ఆపైన 1 చొప్పున వచ్చి మొత్తం 14 మాత్రమే అవుతాయి. మళ్ళీ కలిసే అవకాశం 10లో 1 వంతుకు పడిపోతే సహకరించేవాడికి సుమారు 3.33, మోసగాడికి సుమారు 5.11 వస్తాయి. ఈ మార్కుల పట్టికకు హద్దు 3లో 2 వంతులు. అవకాశం అంతకన్న తగ్గితే టిట్ ఫర్ టాట్‌తో మాట నిలబెట్టుకోవడం లాభసాటి కాదు.

ప్రతి సీజనులో అదే యార్డుకు వచ్చే అడ్తిదారు, ఖరీదుదారు, రైతు మధ్య అప్పులు, వాయిదాలు నోటిమాట మీద నడవడానికి ఒక కారణం ఇదే. రేపు మళ్ళీ ముఖాలు చూసుకోవాలి. ప్రోగ్రాముకు ముఖం లేదు. ఒక్క రోజు పనిచేసి మాయమయ్యే ఏజెంటుకు రేపు అనేదే ఉండదు.

పొరపాట్లు, క్షమ

నిజ వ్యవహారాలలో పొరపాట్లు తప్పవు. బ్యాంకు సర్వర్ పనిచేయక చెల్లింపు ఆగితే, ఎదుటి ఏజెంటుకు అది ఎగవేతగానే కనిపిస్తుంది. రెండు టిట్ ఫర్ టాట్ ప్రోగ్రాముల మధ్య ఇటువంటి పొరపాటు ఒక్కటి జరిగినా, ఒకదాని తరువాత ఒకటి బదులు తీర్చుకుంటూ పోతాయి. మార్టిన్ నొవాక్, కార్ల్ సిగ్మండ్ 1992లో ప్రచురించిన పరిశోధనలో, అప్పుడప్పుడు మోసాన్ని క్షమించే "ఉదార టిట్ ఫర్ టాట్" ఇటువంటి పరిస్థితులలో మెరుగని తేలింది. అయితే క్షమ హద్దు మీరితే మోసగాళ్ళు దానిని వాడుకుంటారు.

ఇచ్చినవారికి ఇచ్చే ఈ పద్ధతికి వాడుకలో ఉన్న ఉదాహరణ బిట్‌టొరెంట్. బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన ఈ ఫైళ్ళ మార్పిడి విధానంలో, తనకు ఎక్కువ వేగంగా ఫైలు ముక్కలు పంపేవారికే ప్రోగ్రాము ముక్కలు పంపుతుంది. కాని మధ్యమధ్య ఇంతవరకు ఏమీ ఇవ్వని ఒకరికి కూడా అవకాశం ఇస్తుంది. ఆ చిన్న ఔదార్యం లేకపోతే కొత్తవారు ఎన్నడూ లోపలికి రాలేరు.

పరపతి లెక్క

ముందెన్నడూ కలవని ఏజెంటును నమ్మాలంటే ఇతరుల అనుభవం కావాలి. దీనిని పరపతి వ్యవస్థ అంటారు. ఆన్‌లైన్ అంగళ్ళలో కొనుగోలుదారులు ఇచ్చే నక్షత్రాలు దీనికి తెలిసిన రూపం. ఆడున్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ 2002లో ప్రతిపాదించిన పద్ధతి సరళమైనది. మంచి వ్యవహారాల సంఖ్యకు 1 కలిపి, దానిని మొత్తం వ్యవహారాల సంఖ్యకు 2 కలిపిన మొత్తంతో భాగిస్తే నమ్మకం విలువ వస్తుంది.

8 మంచి, 2 చెడు వ్యవహారాలు: 12లో 9, అనగా 0.75
2 మంచి, 8 చెడు వ్యవహారాలు: 12లో 3, అనగా 0.25
ఏ అనుభవమూ లేని కొత్త ఏజెంటు: 2లో 1, అనగా 0.50

ఈ లెక్కలోనే ఒక లొసుగు ఉంది. పరపతి 0.25కు పడిపోయిన ఏజెంటు ఆ పేరు వదిలి కొత్త పేరుతో వస్తే దాని విలువ ఒక్కసారిగా 0.50 అవుతుంది. ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ 2001లో ప్రచురించిన పరిశోధన ఈ సమస్యను విశ్లేషించింది. పేరు మార్చుకోవడం తేలికైన చోట కొత్తవారందరినీ అనుమానంతో చూడవలసి వస్తుంది, అంటే మోసగాళ్ళు చేసిన తప్పుకు నిజాయితీగల కొత్తవారు మూల్యం చెల్లిస్తారు. ఒకే వ్యక్తి వందల దొంగ పేర్లు సృష్టించి తనకు తానే మంచి సాక్ష్యం చెప్పుకోవడాన్ని "సిబిల్ దాడి" అంటారు. జాన్ డౌసర్ 2002లో దీనిని వివరించాడు.

మార్కెట్ యార్డులో ఖరీదుదారుకు లైసెన్సు ఎందుకు కావాలో దీనినిబట్టి అర్థమవుతుంది. ఎగవేసినవాడు మరునాడు మరో పేరుతో రాకుండా, లైసెన్సు పేరును మనిషికి ముడివేస్తుంది. కృత్రిమ ఏజెంట్లకు కూడా వాటి చర్యలకు బాధ్యత వహించే యజమానితో ముడిపడిన గుర్తింపు అవసరమని పరిశోధకులు భావిస్తున్నారు.

సహకారం కుమ్మక్కైనపుడు

సహకారం అనే మాట వినగానే మంచిదని అనిపిస్తుంది. ఎవరితో, ఎవరికి వ్యతిరేకంగా అని అడిగితేనే దాని విలువ తెలుస్తుంది. ఆక్సెల్‌రాడ్ పోటీల 20వ వార్షికోత్సవ సందర్భంగా 2004లో జరిగిన పోటీలో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ బృందం 60 ప్రోగ్రాములను దింపింది. అవి ఆట ప్రారంభంలో ముందుగా అనుకున్న వరుసలో ఎత్తులు వేసి ఒకదానినొకటి గుర్తుపట్టేవి. ఆ తరువాత కొన్ని కావాలని ఓడిపోతూ తమ నాయక ప్రోగ్రాములకు మార్కులు ధారపోసేవి. ఫలితంగా మొదటి మూడు స్థానాలూ ఆ బృందానికే దక్కాయి. బృందంలోని మిగిలిన ప్రోగ్రాములు పట్టిక అడుగున చేరాయి.

ముందస్తు ఒప్పందం లేకుండా కూడా కుమ్మక్కు ఏర్పడగలదు. ఇటలీకి చెందిన నలుగురు ఆర్థికవేత్తలు (కాల్వానో, కాల్జొలారి, డెనికోలో, పాస్తొరెల్లో) 2020లో ప్రచురించిన పరిశోధనలో, అనుభవం ద్వారా నేర్చుకొనే ధరల ప్రోగ్రాములను ఒక కృత్రిమ మార్కెట్లో వదిలారు. వాటికి కుమ్మక్కు కమ్మని ఎవరూ చెప్పలేదు. మాట్లాడుకొనే మార్గమూ లేదు. అయినా అవి పోటీ ధర కన్న ఎక్కువ ధర వద్ద నిలబడడం నేర్చుకున్నాయి. ఒకటి ధర తగ్గిస్తే రెండవది కూడా తగ్గించి దానిని కొంతకాలం శిక్షించి, క్రమంగా పాత ధరకు తిరిగి వచ్చేవి. ఆక్సెల్‌రాడ్ మెచ్చుకున్న గుణాలే ఇక్కడ కొనుగోలుదారుకు నష్టం తెచ్చాయి.

దీనిని వ్యవసాయ మార్కెట్‌కు తిప్పి చూస్తే నష్టపోయేది రైతు. ఒక మొక్కజొన్న లాటుకు మూడు ప్రోగ్రాములు క్వింటాలుకు 2,200, 2,150, 2,100 రూపాయల వరకు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాయని అనుకుందాం. అవి పోటీ పడితే, మొదటిది సరుకును దక్కించుకోవడానికి 2,150 దాటవలసి వస్తుంది. రెండవది పక్కకు తప్పుకొంటే 2,100 దాటితే చాలు. క్వింటాలుకు సుమారు 50 రూపాయలు రైతు చేతి నుండి జారిపోతాయి. ఒప్పంద పత్రం గాని, ఫోను సంభాషణ గాని లేనపుడు ఈ కుమ్మక్కును చట్టం ముందు నిరూపించడం కష్టం.

నియమాల రూపకల్పన

ఏజెంటు స్వభావాన్ని మార్చలేనపుడు ఆట నియమాలను మార్చవచ్చు. నిజం చెప్పడమే లాభసాటి అయ్యేలా నియమాలను కూర్చడం ఈ పద్ధతి లక్ష్యం. విలియం విక్రీ 1961లో విశ్లేషించిన రెండవ ధర వేలం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఇందులో హెచ్చు ధర వేసినవారే గెలుస్తారు గాని, రెండవ హెచ్చు ధర మాత్రమే చెల్లిస్తారు. అందువలన తమకు తోచిన నిజమైన విలువను చెప్పడమే ప్రతి ఒక్కరికీ మేలు. విక్రీకి 1996లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అయితే పైన చెప్పినట్లు పోటీదారులు ముందే కుమ్మక్కైతే ఈ వేలం కూడా రక్షించలేదు.

తెలుగు నేలపై ఈ రంగంలో జరిగిన కృషికి "విద్యుత్‌వణిక" ఉదాహరణ. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ఐఐఐటీ) పరిశోధకులు టీసీఎస్ పరిశోధకులతో కలిసి దీనిని తయారుచేశారు. ఇది పవర్‌టాక్ అనే అంతర్జాతీయ పోటీ కోసం నిర్మించిన విద్యుత్ దళారీ ప్రోగ్రాము. కంప్యూటర్లో సృష్టించిన మార్కెట్లో ఇటువంటి ప్రోగ్రాములు టోకున విద్యుత్ కొని, వినియోగదారులకు రేట్లు ప్రకటించి అమ్ముతాయి. ఈ ఏజెంటు 2018 పోటీలో రెండవ స్థానం, 2021లో ప్రథమ స్థానం సాధించింది. ఈ పోటీలో దళారీలు ఎవరి లాభం వారే చూసుకుంటారు. కాని కొన్న విద్యుత్తుకు, అమ్మిన విద్యుత్తుకు పొంతన కుదరకపోతే అపరాధ రుసుము పడుతుంది. అందుచేత లాభాపేక్షే వారిని సరఫరా సమతూకం వైపు నడిపిస్తుంది. కృత్రిమ మేధపై జరిగే ప్రముఖ అంతర్జాతీయ సదస్సు ఐజేకాయ్ 2007 జనవరిలో హైదరాబాదులో జరిగింది.

భాషా నమూనాలు, కొత్త ఏజెంట్లు

2022 తరువాత పెద్ద భాషా నమూనాలపై ఆధారపడిన ఏజెంట్లు వ్యాప్తిలోకి వచ్చాయి. ఇవి మనుషుల భాషలోనే బేరం చేయగలవు, వాగ్దానం చేయగలవు, అబద్ధమూ ఆడగలవు. జర్మనీలోని పరిశోధకులు 2023లో వెల్లడించిన అధ్యయనంలో, ఖైదీల సందిగ్ధం ఆడిన జీపీటీ-4 ఎదుటి ఆటగాడు ఒక్కసారి మోసం చేస్తే ఆ తరువాత ఎన్నడూ క్షమించలేదు. గూగుల్ సంస్థ 2025 ఏప్రిల్‌లో వేర్వేరు సంస్థల ఏజెంట్లు పరస్పరం సంభాషించడానికి ఏజెంట్2ఏజెంట్ అనే నియమావళిని ప్రకటించింది. ఇటువంటి నియమావళి ఏజెంట్లకు ఉమ్మడి భాషను ఇస్తుంది. ఆ భాషలో చెప్పిన మాట నిలబడుతుందన్న హామీ మాత్రం పై నాలుగు ఏర్పాట్ల నుండే రావాలి.

పరిమితులు

ఖైదీల సందిగ్ధం ఇద్దరి మధ్య, రెండే ఎంపికలతో జరిగే ఆట. నిజ జీవితంలో చెరువు నీటి పంపకం వంటి వ్యవహారాలలో అనేకులు పాల్గొంటారు. ఎవరు ఎంత తీసుకున్నారో అందరికీ తెలియదు. ఉమ్మడి వనరులను కాపాడుకొనే సమాజాలను అధ్యయనం చేసిన ఎలినార్ ఆస్ట్రమ్ (2009 నోబెల్ గ్రహీత), అక్కడివారే నియమాలు చేసుకొని, తమలో తామే పర్యవేక్షించుకొని, తప్పుకు మెట్లు మెట్లుగా శిక్ష పెంచుకుంటూ పోయే చోట సహకారం ఎక్కువ కాలం నిలిచిందని చూపింది. ప్రోగ్రాములకు నియమాలు చేసేవారు చాలా సందర్భాలలో వాటి ఫలితాన్ని అనుభవించేవారు కారు. యార్డులో ధాన్యం రాశి ప్రక్కన నిలబడిన రైతుకు ధర ఎలా తేలిందో చూసే, అర్థం చేసుకొనే, కాదనే అవకాశం ఉన్నంత వరకే ఏజెంట్ల మధ్య కుదిరిన నమ్మకం సమాజానికి కూడా నమ్మకం అవుతుంది.

ఇవి కూడా చూడండి

ఆట సిద్ధాంతం
ఖైదీల సందిగ్ధం
కృత్రిమ మేధ
వేలం
జాతీయ వ్యవసాయ మార్కెట్
కేసముద్రం